కోలా పీపాకు రెండో కాపురం

ఇంట్లో హాకిన్స్‌ కుక్కర్‌ ఉన్నవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. దాని మూత పైనుంచి పెట్టేది కాదు. ఓరగా తిప్పి, లోపలికి దించి, మళ్లీ పైకి లాగి అంచుకు ఆనించాలి. కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లకు నాలుగు రోజులపాటు అది ఒక పట్టాన లొంగదు. ఒకసారి లోపల ఆవిరి నిండిందా... ఇక ఆ మూత తీయడం ఎంతటి వస్తాదు వల్లా కాదు. లోపలి ఒత్తిడే దాన్ని పైకి నొక్కి పట్టుకుంటుంది. ఆవిరి పోయాక దానంతటదే వదులైపోతుంది.

గోళీసోడా సంగతీ ఇంతే. 1870ల్లో హైరమ్‌ కాడ్‌ అనే ఆంగ్లేయుడు కనిపెట్టిన ఆ సీసాకు బిరడా ఉండదు, రేకు మూతా ఉండదు. మెడలో ఒక రబ్బరు ఉంగరం, లోపల ఒక గోళీ. సోడాలోని గ్యాసే గోళీని ఎగదోసి ఆ రబ్బరుకు అదిమి పెడుతుంది. దాన్ని పగలగొట్టే అధికారం మన బొటనవేలికే!

ఈ రెండింటి కిటుకూ కలిపి రెండడుగుల ఎత్తు స్టీలు పీపాగా చేస్తే ఎలా ఉంటుంది? అమెరికాలో దాన్ని ముద్దుగా ‘కార్నీ కెగ్‌’ అంటారు. పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లొచ్చిన అమ్మానాన్నల్లో కొందరైనా ఏ ఇరుగుపొరుగు గ్యారేజీలోనో దీన్ని చూసే ఉంటారు. ఒక పాత ఫ్రిజ్‌, దాని తలుపుకు బిగించిన కుళాయి, లోపల సన్నటి పొడుగాటి స్టీలు డబ్బాలు రెండు. కుళాయి తిప్పితే నురగలు కక్కే బీరు. ఆ ఇంటాయన స్వయంగా కాచింది. డబ్బా మాత్రం ఆయన కొత్తగా కొన్నది కాకపోవచ్చు. ఒకప్పుడు ఏ హోటల్లోనో కోలా మోసి మోసి రిటైరైనది!

కోలా ఇంటి కోడలు

అక్కడి హోటళ్లలో, సినిమా హాళ్లలో కూల్‌డ్రింకు సీసాలో రాదు. కుళాయిలోంచి వస్తుంది. చిక్కటి తీపి సిరప్‌ ఒక వంతు, గ్యాసెక్కించిన నీళ్లు అయిదు వంతుల దాకా... రెండూ కుళాయి దగ్గర కలిసి గ్లాసులో పడతాయి. ఆ సిరప్‌ను దుకాణాలకు మోసుకురావడానికి పుట్టినవే ఈ పీపాలు. ఒక్కోదాంట్లో పట్టేది 5 అమెరికన్‌ గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు. మన మంచినీళ్ల క్యాన్‌కు ఒక లీటరు తక్కువ అన్నమాట. మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన కార్నీలియస్‌ కంపెనీ తయారు చేసిన పీపాలు బాగా పేరుపడటంతో ఎవరు చేసినా ఆ పేరే స్థిరపడిపోయింది. మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు! టైర్లకు పేరున్న ఫైర్‌స్టోన్‌ కూడా ఈ స్టీలు పీపాలు చేసింది.

నిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది. పైన మధ్యలో కోడిగుడ్డు ఆకారపు నోరు, దానికి లోపలినుంచి బిగుసుకునే మూత. అచ్చం ఇందాకటి కుక్కర్‌ మూతే. రెండు పక్కలా రెండు ముక్కులు. ఒక ముక్కు కింద వేలెడంత గొట్టం. అటునుంచి గ్యాసు లోపలికి వెళుతుంది. రెండో ముక్కు కింద గొట్టం అడుగుదాకా దిగుతుంది. పైనుంచి గ్యాసు నొక్కితే ద్రవం అడుగునుంచి ఆ గొట్టంలోకి ఎగబాకి బయటికి వస్తుంది. మోటారు లేదు, పంపు లేదు, కరెంటు లేదు. అరిగే భాగాలేమైనా ఉంటే అవి రబ్బరు రింగులు. మొత్తం అయిదంటే అయిదు!

ఇంత సింపుల్‌ వస్తువులోనూ కోక్‌, పెప్సీల పోరు దూరకుండా ఉండలేదు. ముక్కులకు గొట్టం తగిలించే పద్ధతి కోక్‌వాళ్లది ఒకటి, పెప్సీవాళ్లది ఒకటి. కోక్‌ పీపా ముక్కుకు పక్కకు పొడుచుకొచ్చిన చిన్న పిన్నులుంటాయి. గ్యాసు వైపు రెండు, ద్రవం వైపు మూడు. అందుకని దాన్ని ‘పిన్‌ లాక్‌’ అంటారు. పెప్సీది ‘బాల్‌ లాక్‌’. తగిలించే గొట్టం మూతిలోనే చిన్న చిన్న ఇనుప గుళ్లుంటాయి, అవి ముక్కును కరుచుకుంటాయి. పెప్సీది కాస్త పొడుగు, సన్నం. కోక్‌ది కాస్త పొట్టి, బొద్దు. ఒకదాని గొట్టం ఇంకోదానికి పట్టదు. సన్నపిన్ను ఛార్జరు లావుపిన్ను ఫోనుకు పట్టని రోజులు గుర్తున్నాయి కదా... అదే గొడవ. ఆ కంపెనీలు ఈ పీపాలను వదిలేసి ఏళ్లయినా, గ్యారేజీల్లో ఆ తగాదా ఇంకా నడుస్తూనే ఉంది. కోక్‌ పీపాలున్నాయన, పెప్సీ పీపాలున్న పక్కింటాయనకు అవసరానికి ఒక గొట్టం అరువివ్వలేడు!

మరి ఇంత గట్టి వస్తువును కంపెనీలు ఎందుకు వదిలేశాయి? అట్టపెట్టె వల్ల. 1955లో విలియం షోల్‌ అనే అమెరికన్‌ రసాయన శాస్త్రవేత్త అట్టపెట్టెలో ప్లాస్టిక్‌ సంచీ పెట్టి, దానికో మూతి తగిలించాడు. ఎందుకోసం అనుకున్నారు? బ్యాటరీల్లో పోసే యాసిడ్‌ను ఒలకకుండా పంపడానికి! ఆ సంచీయే తర్వాత పాలకు, వైన్‌కు, చివరికి కోలా సిరప్‌కూ వచ్చింది. స్టీలు పీపా అయితే ఖాళీ అయ్యాక లారీలో వెనక్కి తేవాలి, కడగాలి, రబ్బర్లు మార్చాలి, లెక్క రాసుకోవాలి. అట్టపెట్టె అయితే ఖాళీ కాగానే చెత్తబుట్టలోకి. 1980ల నుంచి దుకాణాలు ఒకటొకటిగా పెట్టెల్లోకి మారిపోయాయి. నిక్షేపంలాంటి స్టీలు పీపాలు గుట్టలు గుట్టలుగా గోడౌన్లలో మిగిలిపోయాయి. పాత సామాను దుకాణాలకు తూకానికి వెళ్లినవి ఎన్నో!

యాభై సీసాల బాధ

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఇంకో ముచ్చట మొదలైంది. ఆ దేశంలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచిన విషయం తెలిసిందే. నిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్‌ చేసుకోవడానికి వీలు దొరికింది గానీ బీరుకు దొరకలేదు. అలా 45 ఏళ్లు గడిచాయి. చివరికి 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ సంతకంతో ఆ అడ్డు తొలగింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు, సొంతానికే. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. మిసిసిపీ, అలబామాల్లో 2013 దాకా ఇంటి బీరు నేరమే!

చట్టం మారింది కానీ చాకిరీ మారలేదు. బార్లీ మాల్ట్‌ను ఉడికించి, హాప్స్‌ అనే తీగ పూలు వేసి కాచి, చల్లార్చి, ఈస్ట్‌ కలిపి రెండు వారాలు పులియబెట్టడం ఒక ఎత్తు. తయారైన 5 గ్యాలన్ల బీరును సీసాలకెత్తడం ఇంకో ఎత్తు. చిన్న సీసాలైతే యాభై మూడు కావాలి. యాభై మూడూ కడగాలి, క్రిములు లేకుండా చేయాలి, నింపాలి, మూతలు బిగించాలి. నురగ కోసం కొంచెం చక్కెర కలిపి ఇంకో రెండు వారాలు ఆగాలి. చక్కెర ఎక్కువైతే? అర్ధరాత్రి గ్యారేజీలో సీసాలు ఢామ్మని పేలతాయి. సరదాగా మొదలుపెట్టిన చాలామంది నాలుగో విడతకు విరమించుకునేది ఇక్కడే.

అప్పుడు ఎవరి కళ్లో ఈ పాత పీపాల మీద పడ్డాయి. 5 గ్యాలన్లు కాచేవాడికి 5 గ్యాలన్ల పీపా! యాభై మూడు సీసాలకు బదులు ఒక్కటి కడిగితే చాలు. చక్కెర అక్కర్లేదు. సిలిండరులోంచి కార్బన్‌ డై ఆక్సైడ్‌ ఎక్కిస్తే వారంలో నురగ సిద్ధం. కొలత పెట్టి చేయించినట్టు కుదిరింది.

అన్నట్టు, ఇలా పాత సామానుతో నెట్టుకొచ్చింది గ్యారేజీ వాళ్లే కాదు. కాలిఫోర్నియాలోని చీకో ఊళ్లో ఇంటి బీరు సామాన్ల కొట్టు నడిపిన కెన్‌ గ్రాస్‌మన్‌, పాల డెయిరీలు వదిలేసిన తొట్లు తెచ్చుకుని 1980లో బీరు కాచడం మొదలుపెట్టాడు. అదే సియెర్రా నెవాడా. ఇప్పుడు అమెరికాలోని పెద్ద బీరు కంపెనీల్లో అదొకటి. 1970ల చివర్లో ఆ దేశం మొత్తం మీద బీరు కంపెనీలు వందకు లోపే. ఇప్పుడు తొమ్మిది వేల పైచిలుకు. వాటిలో ఎన్నో ఇంటి పొయ్యి మీద మొదలైనవే. అంతెందుకు, ఒబామా ఉన్నప్పుడు వైట్‌హౌస్‌ వంటగదిలోనే తోటలోని తేనెపట్టు తేనె వేసి బీరు కాచారు. 2012లో ఆ తయారీ విధానాన్ని జనానికి కూడా విడుదల చేశారు.

ముందు ఊపిరి తీయాలి

సరే, పాత పీపా ఇంటికొచ్చింది. ఒళ్లంతా దుమ్ము, పట్టుకునే చోట నల్ల రబ్బరు తొడుగు, పక్కన చిరిగిన స్టిక్కరు. ఇప్పుడేం చేయాలి? కడుగుదామని మూత లివరు ఎత్తారో... అంతే సంగతులు!

ఎందుకంటే ఏళ్ల తరబడి మూల పడి ఉన్నా లోపల గ్యాసు ఉండవచ్చు. నిజానికి ఉండటమే మంచిది. ఇన్నేళ్లూ లీకు కాకుండా నిలిచిందంటే పీపా గట్టిదని అర్థం. అందుకే తెలిసినవాళ్లు ఇలాంటివి కొనేటప్పుడు ముందు ముక్కు మీది పిన్నును చిన్నగా నొక్కి చూస్తారు. ‘బుస్‌’మంటే మొహం వెలిగిపోతుంది.

ఆ బుస్సు పూర్తిగా ఆగేదాకా దేనికీ పానా పెట్టకూడదు. ఇక్కడ ప్రమాదం మూత కంటే ముక్కుతోనే ఎక్కువ. మూత లోపలినుంచి బిగుస్తుంది కాబట్టి ఒత్తిడి ఉన్నంతసేపూ బయటికి ఎగరదు. మహా అయితే జిగురు సిరప్‌ గ్యారేజీ కప్పుదాకా చిమ్ముతుంది. ముక్కు అలా కాదు. మరలతో బయటినుంచి బిగించింది. గ్యాసు ఉండగా దాన్ని విప్పితే చివరి మర దగ్గర తూటాలా లేస్తుంది. వంగి చూస్తున్న మనిషి కన్ను దానికి ఎదురుగా ఉంటుంది. కాబట్టి గ్యాసు వైపు ముక్కులో ఉండే స్ప్రింగు పిన్నును స్క్రూడ్రైవరు కొనతో, మొహం పక్కకు పెట్టి నొక్కి పట్టుకోవాలి. సైకిల్‌ ట్యూబులో గాలి తీసినట్టే. పెప్సీ పీపా మూతకు సాధారణంగా లాగి వదిలే సేఫ్టీ వాల్వు ఉంటుంది, దాన్ని లాగినా పోతుంది. కోక్‌ పీపాల మూతలకు చాలావాటికి అది ఉండదు. సేఫ్టీ వాల్వున్న కొత్త మూత కొని మార్చుకోవడం మంచిది. మిగిలిన వాటిల్లో పిసినారితనం చూపించినా ఫరవాలేదు గానీ ఈ ఒక్క దాంట్లో వద్దు.

ఊపిరి తీశాక మూత దానంతటదే కిందికి దిగుతుంది. ఓరగా తిప్పి బయటికి తీయాలి. వెంటనే గుప్పుమంటుంది... పాత సిరప్‌ వాసన. నారింజ, నిమ్మ, కోలా అయితే అదృష్టవంతులే. రూట్‌ బీర్‌ అయితే మాత్రం గండమే. పేరులో బీరున్నా అది మత్తులేని కూల్‌డ్రింకే. అమెరికా పిల్లలకు ప్రాణం. అందులో వింటర్‌గ్రీన్‌ వాసన ఉంటుంది. నొప్పులకు మనం రాసుకునే మందుల్లో ఘాటుగా తగిలే వాసన అదే. మొదటిసారి రూట్‌ బీర్‌ తాగిన మనవాళ్లు మొహం అలా పెట్టేది అందుకే!

స్టీలుకు పట్టిన సిరప్‌ వేడినీళ్లకే వదులుతుంది. దాన్ని రాత్రంతా వేడినీళ్లు, వాసనలేని క్షారపు పొడితో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్దితే చాలు. ఇంట్లో ఉంది కదా అని బ్లీచింగ్‌ పోయకూడదు. స్టీలు కదా, తుప్పేమిటి అనుకుంటారు. క్లోరిన్‌ తగిలితే స్టెయిన్‌లెస్‌ స్టీలుకు కూడా సూదిమొనంత గుంటలు పడతాయి. ఆ గుంటల్లో చేరిన క్రిములు ఎంత కడిగినా పోవు. ఇనుప పీచుతో తోమడం కూడా అంతే చేటు.

అసలు పేచీ రబ్బరుతోనే. స్టీలు ఏ వాసననూ పీల్చుకోదు, రబ్బరు పీల్చుకుంటుంది. పదేళ్లు రూట్‌ బీరులో నానిన రబ్బరు ఉంగరం ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదలదు. శ్రమపడి కాచిన బీరులో పానకంలో పుడకలా అదే తగులుతుంది. అందుకని అయిదు రింగులూ పీకి పారేయడమే మందు. మూతకు పెద్దది ఒకటి, ముక్కులకు బయట రెండు, లోపలి గొట్టాలకు రెండు. మొత్తం కలిపి ఖరీదు నాలుగైదు డాలర్లకు మించదు. పీపాలో అన్నిటికంటే చవకైన భాగం అదే, అన్నిటికంటే కీలకమూ అదే. కుక్కర్‌ గాస్కెట్‌ సంగతి తెలిసిన గృహిణులకు ఇది చెప్పక్కర్లేదు.

ముక్కులు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. గ్యాసుది, ద్రవానిది చూడటానికి కవలల్లా ఉంటాయి, మరలు మాత్రం కొన్నింట్లో వేరు. అటుదిటు బిగిస్తే పాడైపోతాయి. ఎక్కడ విప్పింది అక్కడే పెట్టాలి. పైగా కార్నీలియస్‌ ముక్కు ఫైర్‌స్టోన్‌ పీపాకు పట్టకపోవచ్చు. అందుకే ఒకేసారి నాలుగు పీపాలు విప్పుకుని నేల మీద పరుచుకున్నవాడు సాయంత్రందాకా తల పట్టుకుంటాడు. ఒకటి విప్పి, కడిగి, బిగించాకే రెండోది. లోపలి పొడుగాటి గొట్టంలో పెన్సిలంత బ్రష్షు దూర్చి తోమాలి. పీపా లోపల అద్దంలా మెరుస్తుంటే సరిపోయిందనుకుని ఈ గొట్టాన్ని వదిలేస్తారు చాలామంది. పాత సిరప్‌ పెచ్చుకట్టి కూర్చునేది అక్కడే.

కొత్త రింగులకు తిండి పదార్థాలకు వాడదగ్గ సిలికాన్‌ గ్రీజు పలచగా రాయాలి. వేజలీన్‌ పనికిరాదు. కొన్ని రకాల రబ్బరు దాని వల్ల ఉబ్బి చెడిపోతుంది. తర్వాత మూత పెట్టి, ఒక్కసారి 30 పీఎస్‌ఐ దాకా గ్యాసు ఎక్కించాలి. మన కారు టైరులో ఉండేపాటి ఒత్తిడే. కానీ అరచేతి వెడల్పున్న ఆ మూత మీద అది వంద కిలోలకు పైగా బలంతో నొక్కుతుంది. ‘టక్‌’మని మూత రబ్బరులోకి కూర్చుంటుంది. ఇక సబ్బు నురగ తెచ్చి మూత చుట్టూ, ముక్కుల చుట్టూ రాసి చూడటమే. బుడగ లేస్తే లీకు. గ్యాసు సిలిండరు మార్చినప్పుడు జాగ్రత్తపరులు చేసే పరీక్షే ఇది. ఇక్కడ తప్పితే నిప్పంటుకోదు గానీ సిలిండరు రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది, బీరు చప్పబడిపోతుంది. అంతా అయ్యాక, బీరు పోసే ముందు, క్రిములు చంపే తేలికపాటి ఆమ్లపు ద్రావణంతో ఒకసారి తొలిస్తే పీపా సిద్ధం.

ఆ తర్వాత పనంతా ఓపికదే. చల్లటి ఫ్రిజ్‌లో పెట్టి 10-12 పీఎస్‌ఐ దగ్గర వారం రోజులు వదిలేస్తే బీరు తనకు కావలసినంత గ్యాసు తానే పీల్చుకుంటుంది. కుళాయికి వెళ్లే గొట్టం సన్నగా, రెండు మూడు మీటర్ల పొడవున చుట్ట చుట్టి ఉండాలి. పొట్టి గొట్టమైతే గ్లాసులో నురగ తప్ప బీరుండదు. తొందరపడి ఒత్తిడి పెంచి, పీపాను ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లను ఊపినట్టు ఊపేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే గంటలో గ్యాసెక్కుతుంది గానీ ఎంతెక్కిందో అంచనా తప్పుతుంది.

పీపా కాదు, సిలిండరు

ఈ పీపాల మీద సాధారణంగా 130 పీఎస్‌ఐ అని అచ్చు ఉంటుంది. అంతవరకు తట్టుకునేలా చేసినవి. బీరుకు కావలసింది అందులో పదో వంతే కాబట్టి పీపాతో భయం తక్కువ. భయపడాల్సింది పక్కనున్న సిలిండరుకు. మామూలు గది వేడిలో దాని లోపల 800 పీఎస్‌ఐకి పైగా ఉంటుంది. మధ్యలో ఉన్న రెగ్యులేటరు ఒక్కటే దాన్ని పదికి దించుతోంది. అది మొరాయిస్తే? అందుకే మూతకు సేఫ్టీ వాల్వు ఉండాలన్నది. సిలిండరును ఎప్పుడూ నిలబెట్టి, గొలుసుతో గోడకు కట్టాలి. కిందపడి వాల్వు విరిగితే అది రాకెట్టే.

గ్యాసుతో ఇంకో చిక్కు కూడా ఉంది. కార్బన్‌ డై ఆక్సైడ్‌ గాలికంటే బరువు. కనిపించదు. కిటికీలు లేని చిన్న గదిలో, సెల్లార్‌లో రాత్రంతా లీకైతే నేల దగ్గర పేరుకుంటుంది. బావిలో పూడిక తీయడానికి దిగినవాళ్లు ఊపిరాడక పోయిన వార్తలు మన పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఆ బావుల్లో పేరుకునే వాయువుల్లో ఇదీ ఒకటి. పీపాలున్న గదికి గాలి ఆడాలి, పిల్లలు పడుకునే చోటు అసలే కాకూడదు.

ఇంకో మాట. పీపాలన్నీ ఒకటి కావు. 2012 ఏప్రిల్‌లో న్యూహాంప్‌షైర్‌ రాష్ట్రంలోని ఒక బీరు తయారీ కేంద్రంలో ప్లాస్టిక్‌ పీపాను గాలి ఒత్తిడితో శుభ్రం చేస్తుండగా అది పేలి, 26 ఏళ్ల ఉద్యోగి ప్రాణం పోయింది. ఎంత ఒత్తిడికి తయారైందో తెలియని పీపాకు గాలి పట్టించడం ఎక్కడైనా ప్రాణాంతకమే. ఒత్తిడి అంకె అచ్చు లేనిదాన్ని, అచ్చు చెరిగిపోయినదాన్ని, సొట్ట అతుకు దగ్గర పడినదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయాలి. పక్కన పడిన సొట్ట అయితే అందం పోవడమే తప్ప నష్టం లేదు.

దొంగసొత్తు గొడవ కూడా చెప్పుకోవాలి. కోలా పీపాలు కంపెనీలు వదిలించుకున్నవి కాబట్టి పాత సామాను దుకాణంలో రసీదుతో కొంటే పేచీ లేదు. కానీ బార్లలో వాడే పెద్ద బీరు పీపాలు అలా కాదు. డిపాజిట్‌ కట్టి తెచ్చుకున్న ఆ పీపాను వెనక్కి ఇవ్వకుండా, పైభాగం కోసి బీరు కాచే గుండిగగా మార్చుకునేవాళ్లు ఉన్నారు. ‘డబ్బు కట్టాం కదా’ అంటారు. కట్టింది అద్దె వస్తువుకు హామీయే, ఖరీదు కాదు. పీపా అసలు విలువ ఆ డిపాజిట్‌కు ఎన్నో రెట్లు. మొహమాటం లేకుండా చెప్పాలంటే అది దొంగతనమే. వాళ్ల చట్టమూ అదే అంటుంది.

మరి మన దగ్గరో? తెలుగు రాష్ట్రాలు రెండింటికీ 1968 నాటి ఎక్సైజ్‌ చట్టమే ఆధారం. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే నేరం. ‘సొంతానికే’ అన్నా వినరు. హైదరాబాద్‌లో అప్పటికప్పుడు కాచి పోసే మైక్రోబ్రూవరీలు వచ్చిన మాట నిజమే గానీ అవన్నీ లైసెన్సులున్న వ్యాపారాలు. అమెరికాలో నేర్చుకున్న విద్యను సెలవుల్లో ఊళ్లో పెరట్లో ప్రదర్శించాలనుకునే కుర్రాళ్లకు పెద్దవాళ్లు ఈ మాట ముందే చెవిన వేయడం మంచిది. అయితే పీపాలో బీరే పోయాలని రూలేమీ లేదు. అక్కడ ఎన్నో ఇళ్లలో ఒక పీపా పిల్లల కోసం ప్రత్యేకం. అందులో సోడానీళ్లో, నిమ్మరసమో, చల్లటి కాఫీయో ఉంటుంది. ఒక శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు వేసిన పానకం నింపి గ్యాసెక్కించి చూస్తే ఎలా ఉంటుందో మరి... బెల్లం నలకలు గొట్టంలో అడ్డుపడకుండా వడకట్టుకోవడం మాత్రం మరవకూడదు.

ఈ పాత పీపాలు ఇప్పుడు అరుదైపోతున్నాయి. ఒకప్పుడు తూకానికి పోయిన సరుకును ఇప్పుడు వెతికి వెతికి కొంటున్నారు. గోడౌన్లలో మిగిలినవి అయిపోవచ్చాయి. అందులోనూ పెప్సీ రకానికి గిరాకీ ఎక్కువ కావడంతో అవే ముందు కరువయ్యాయి. కోక్‌ రకం కాస్త చవగ్గా దొరుకుతాయి, సేఫ్టీ వాల్వు మూత ఖర్చు కలుపుకుంటే తేడా పెద్దగా మిగలదు. కొత్తవి కావాలంటే ఇటలీలో, చైనాలో, మన దేశంలో కూడా తయారవుతున్నాయి. వాటిలో చాలావరకు పెప్సీ పద్ధతివే. కోలా ఎరగని కొత్త పీపాలు. వాటి రబ్బర్లు మార్చక్కర్లేదు, వాసన చూడక్కర్లేదు. మూత మాత్రం అదే... ఓరగా తిప్పి, లోపలికి దించి, పైకి లాగాల్సిందే.